డోలు క్రింది నేల

డోలును గురించి మాట్లాడేవారు ముందుగా దాని కొయ్యను గురించి చెబుతారు. తరువాత తోలును గురించి, తాళ్ళ బిగువును గురించి, వాయించే చేతిని గురించి చెబుతారు. దాని క్రిందనున్న నేల మాట ఎవరికీ తోచదు. ఆరుబయట వాయించినంతకాలం ఆ మాటతో పని కూడా లేదు. మైకు వచ్చి డోలు ఎదుట నిలబడిన తరువాతనే, నేల కూడా ఆ మేళంలో ఒక వాద్యమని మనకు తెలిసివచ్చింది. నాకైతే అది కొంత నష్టపడిన మీదట తెలిసింది.

మాది సత్తుపల్లి. ఊరు దాటి దమ్మపేట వైపుగాని, అశ్వారావుపేట వైపుగాని పోయినవారికి ముందు మామిడి తోటలు, ఆయిల్ పామ్ తోటలు కనబడతాయి. వాటి వెనుక అడవి, అడవి అంచున కోయ గూడేలు ఉన్నవి. కొన్నేళ్ళ క్రిందట అటువంటి గూడెం నుండి ఒక వృద్ధ వాద్యకారుడు ఏదో ఉత్సవానికి మా ఊరికి వచ్చాడు. ఆయన డోలును ఒక గంటసేపు రికార్డు చేసుకొంటామని కోరాము. ఆయన అంగీకరించాడు. వెలుపల ఎండ మండుతున్నది, దారివెంట బొగ్గు లారీలు పోతున్నవి. కనుక నిశ్శబ్దంగా ఉంటుందని ఒక కల్యాణమండపాన్ని అడిగి తీసుకొన్నాము. అద్దమువలె మెరిసే గ్రానైటు నేల, పైన స్లాబు, నాలుగు వైపుల నున్నని గోడలు. మంచి మైకు తెచ్చి, ఆయనకు రెండు మీటర్ల దూరాన, ఆయన నడుము ఎత్తున నిలబెట్టాము. ఆయన వాయిస్తుంటే మాకు ఒళ్ళు గగుర్పొడిచింది. లోపమేదీ వినబడలేదు.

ఇంటికి వచ్చి విన్నప్పుడు ఆ డోలు లేదు. దాని స్థానంలో రేకుడబ్బా ఒకటి ఉన్నది. కర్ర దెబ్బలు ఒకదానిపై ఒకటి పడి అలుక్కుపోయినవి. అరచేతి దెబ్బలోని నిండుదనం ఎక్కడికో పోయింది. మళ్ళీ రికార్డు చేయవచ్చును గదా అనుకొన్నాము. ఆ వర్షాకాలం దాటకముందే ఆయన కాలం చేశాడు.

ఇది ఒక ఇంటి సంగతి మాత్రమే కాదు. మణుగూరు మండలానికి చెందిన సకిని రామచంద్రయ్యగారు కోయ డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథలను, తమ జాతి వంశగాథలను గానం చేసిన కళాకారులు. ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. వ్రాతలో లేని విద్య పోయినప్పుడు వెనుక మిగిలేవి శిష్యుల చేతులు, రికార్డు చేసిన ధ్వనులు మాత్రమే. ఇపుడు ప్రతివాని జేబులోను రికార్డు చేసే సాధనమున్నది; పండుగలకు, జాతరలకు వందల రికార్డులు తయారవుతున్నవి. వాటిలో వినబడేది డోలా, లేక డోలు క్రింది గచ్చా అన్న ప్రశ్న అందువలన చిన్నది కాదు.

నేల రెండు దారుల వెంట ధ్వనిలో చొరబడుతుంది. ఒకటి గాలి దారి. డోలు నుండి వెలువడిన ధ్వని నేలను తాకి, అక్కడినుండి పైకి లేచి మైకును చేరుతుంది. రెండవది గట్టి పదార్థపు దారి. నేలపై ఆనించిన వాద్యం నేలను అదరగొడుతుంది. ఆ అదురు నేల గుండా పోయి మైకు నిలబడిన కాడను ఎక్కుతుంది, లేదా నేలనే ఒక చర్మము వలె మోగిస్తుంది. రెండవ దారి ఎంత చురుకైనదో మా ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. పట్టణపు అంచుననే ఉపరితల బొగ్గు గని ఉన్నది. అక్కడ పేలుడు పెట్టినప్పుడు చప్పుడు చెవిని చేరకముందే పాదాలకు అదురు తెలుస్తుంది. గాలిలో ధ్వని సెకనుకు 344 మీటర్ల చొప్పున నడుస్తుంది. కాంక్రీటులో మూడు వేల మీటర్లకు పైగా పరుగెత్తుతుంది.

కోయ డోలును మెడకు తగిలించుకొని వాయిస్తారు. అడవిదున్న కొమ్ములు ధరించి ఆడే నృత్యంలో వాద్యకారులు డోలు మోస్తూనే అడుగులు వేస్తారు. కనుక దానికి నేలతో స్పర్శ లేదు. దాని విషయంలో మొదటి దారి ఒక్కటే లెక్కకు వస్తుంది. మొదట దానినే చూద్దాము.

డోలు మైకుకు రెండు మీటర్ల దూరంలో ఉన్నదనుకొందాము. రెండూ నేలకు ఒక మీటరు ఎత్తున ఉన్నవి. తిన్నగా వచ్చే ధ్వని రెండు మీటర్లు నడుస్తుంది. నేలను తాకి వచ్చే ధ్వని ఏటవాలుగా దిగి, ఏటవాలుగా ఎక్కి, సుమారు 2.83 మీటర్లు నడుస్తుంది. తేడా 83 సెంటీమీటర్లు. ఆ మేరకు రెండవది ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యింట రెండున్నర వంతులకు లోపే. విడిగా వినబడేటంత కాదు. అయితే ధ్వని అనేది ఒత్తిడి తరంగం గదా. అలలో గట్టు, పల్లము ఉన్నట్లే ఇందులోను ఒత్తిడి హెచ్చిన భాగము, తగ్గిన భాగము ఉంటాయి. మొదటిదాని గట్టుపై రెండవదాని పల్లము వచ్చి పడితే రెండూ ఒకదానినొకటి తినివేస్తాయి. పై కొలతల ప్రకారం సెకనుకు సుమారు 208 కంపనాల స్వరం దగ్గర ఇది జరుగుతుంది. మళ్ళీ 623 దగ్గర, మళ్ళీ 1039 దగ్గర, అట్లాగే పైకి పోతూ జరుగుతుంది. వాటి నడుమ 415 దగ్గర, 831 దగ్గర గట్టుపై గట్టు పడి ధ్వని ఉబ్బుతుంది.

నేల గ్రానైటు వంటిదైతే తిరిగి వచ్చిన ధ్వని దాదాపు నష్టపడకుండానే వస్తుంది. ఎక్కువ దూరం నడచినందువలన కలిగే తరుగు తప్ప మరొక తరుగు లేదు. లెక్క వేసి చూస్తే, పల్లాల దగ్గర ఒత్తిడిలో మూడవ వంతు కూడా మిగలదు. ఉబ్బిన చోట అది ఒకటికి ఒకటి ముప్పాతిక దాకా పెరుగుతుంది. ధ్వనిని దువ్వెనతో దువ్వి, పళ్ళు దిగిన చోటనెల్లా చాళ్ళు తీసినట్లన్నమాట. మా రికార్డులో నిండుదనం మాయమైనది ఆ చాళ్ళలోనే.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. మేమందరము అక్కడే కూర్చున్నాము గదా. మాకు ఎందుకు తెలియలేదు? మనిషికి చెవులు రెండు. తిన్నగా వచ్చిన ధ్వని ఏ దిక్కు నుండి వచ్చిందో, వెంటనే వచ్చిన దాని నీడ ఏ దిక్కు నుండి వచ్చిందో మనస్సు క్షణంలో పోల్చుకొంటుంది. మొదట వచ్చినదాన్ని ఆదరించి, నీడను దానిలోనే కలిపివేసుకొంటుంది. దానికితోడు వాయించేవాని చేయి కంటికి కనబడుతూ ఉంటుంది. మైకు ఒంటిచెవి జీవి. అది ఏరుకొనదు; వచ్చినదాన్నెల్లా ఒక్క తీగలో పోసి ఇస్తుంది. కనుక గదిలో బాగున్నది గదా అని రికార్డు కూడా బాగుంటుందనుకొనుట మొదటి పొరపాటు. ఆనాడు మేము చేసిన పొరపాటు అదే.

ఇంకొక సంగతి రేడియో ఉన్న ఇళ్ళవారికి సంబంధించినది. డోలులోని లోతైన 'ధుం' అనే నాదం సెకనుకు ఎనభై తొంభై కంపనాల దగ్గర ఉన్నదనుకొంటే, చిన్న రేడియోలోని, సెల్‌ఫోనులోని స్పీకరు దానిని పలికించలేదు. అయినప్పటికీ మనకు 'ధుం' అనే వినబడుతుంది. పై స్వరాలను విని అడుగు స్వరాన్ని మనస్సే పూరించుకొంటుంది. సి. వి. రామన్ గారు మన మృదంగం, తబలాలను పరిశీలించి, మధ్యనున్న నల్లని కరణి వలన వాటి పై స్వరాలు మూలస్వరంతో పొందికగా కుదురుతున్నవని 1920లో శివకాళీ కుమార్‌తో కలసి ప్రకటించారు. మళ్ళీ 1930ల నడుమ విపులంగా వ్రాశారు. చర్మవాద్యానికి ముఖకవళికలు ఆ పై స్వరాలే. కర్ర దెబ్బకూ అరచేతి దెబ్బకూ, ఒక వాద్యకారుని చేతికీ మరొకని చేతికీ భేదం తెలిసేది రెండు వందలకు, రెండు మూడు వేలకు నడుమనున్న కంపనాలలోనే. నేల తన దువ్వెన దిగవేసేది కూడా సరిగ్గా అక్కడనే.

అయితే తివాచీ పరిస్తే సరిపోతుందని చాలమంది అంటారు. కొంత నిజమే. ఎంత నిజమో అంకెలలో చూడవలెను. ధ్వనిశాస్త్ర గ్రంథాలలో సాధారణంగా ఇచ్చే పట్టికల ప్రకారం, కాంక్రీటు నేల తనపై పడిన ధ్వనిశక్తిలో నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించి పీల్చుకొనదు. మందర ధ్వనికైనా తార ధ్వనికైనా అంతే. దానిపై దళసరి తివాచీ పరచినప్పుడు సెకనుకు 4000 కంపనాల దగ్గర నూటికి 65 పాళ్ళు, 1000 దగ్గర 37 పాళ్ళు పీల్చుకొంటుంది. 500 దగ్గరకు వచ్చేసరికి అది 14కు పడిపోతుంది. 125 దగ్గర 2 పాళ్ళే. అంటే వట్టి గచ్చుకూ తివాచీ వేసిన గచ్చుకూ మందర స్థాయిలో భేదమే లేదు.

కారణం తేలికగానే తెలుస్తుంది. నూలు, ఉన్ని వంటివి తమ సందులలో కదిలే గాలిని ఒరసి ధ్వనిని అణచివేస్తాయి. గట్టి నేలను ఆనుకొని గాలి కదలదు. తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు ఎత్తున బాగా కదులుతుంది. 4000 కంపనాల ధ్వనికి ఆ నాలుగవ వంతు రెండు సెంటీమీటర్ల పైచిలుకు. తివాచీ నూగు దాని దరిదాపులకు చేరుతుంది. 80 కంపనాల ధ్వనికి అది ఒక మీటరుకు పైమాటే. అంత మందపు తివాచీని ఎవరు నేస్తారు?

కనుక గచ్చుపై ఒక్క తివాచీ వేసి డోలు వాయించినట్లయితే, తళుకు తగ్గి, మొత్తు పెరిగి, ధ్వని మూసుకొన్నట్లు ఉంటుంది. రికార్డు మందంగా ఉన్నదని వాద్యకారుని కోప్పడేవారిని చూశాను. పాపం, ఆయన తప్పేమి? వరంగల్లు జంపఖానాలు అందమైనవి, గట్టివి. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని పలుచనివి. అతితార ధ్వనులను తప్ప వేరొకదాన్ని అవి పట్టలేవు. నాలుగు మడతలు వేస్తే కొంత మేలు. మాకు దక్షిణాన ఉన్న ఏలూరులో నేసే ఉన్ని తివాచీ నూగు కలది. అది ఇంకా మేలు. తుంగచాపకు, ఈతచాపకు ఈ పనిలో విలువ స్వల్పం. గోడలకు గుడ్ల అట్టలు అంటించుట ఒక ఆచారంగా మారింది గాని, దానివలన కలిగే లాభం ఇంకా స్వల్పం.

ఇపుడు మట్టినేల సంగతి. పెద్దలు వెనుకటి మట్టినేలలో డోలు బాగా పలికేదంటారు. వారి చెవి అబద్ధం చెప్పదు. కాని కారణం మాత్రం సగమే నేలలో ఉన్నది. దిమ్మిసతో గట్టిగా కొట్టి, పేడతో అలికిన నేల చాలవరకు గట్టిదే. ధ్వనిని బాగానే తిప్పి పంపుతుంది. వదులు మన్ను, ఇసుక, పచ్చిక, పరచిన గడ్డి మాత్రమే తార ధ్వనులను చెప్పుకోదగినంతగా పీల్చుకొంటాయి. మిగిలిన సగం కారణం తలపైన ఉన్నది. ఆరుబయట నేలను తాకి లేచిన ధ్వని ఆకాశానికి పోతుంది, మళ్ళీ రాదు. తాటాకు పాకలోనైతే కప్పులో చిక్కుకొంటుంది. స్లాబు క్రింద గచ్చు ఉన్నచోట ఆ రెంటి నడుమ బంతివలె ఎగురుతూనే ఉంటుంది. నేలకు కప్పుకు ఎడం మూడు మీటర్లయితే, సెకనుకు 57 మార్లు ఆ రాకపోకలు సాగుతాయి. ఖాళీ గదిలో ఒక్క చప్పట కొట్టి చూడండి. వెనుకనే 'ట్ర్‌ర్' మని ఒక తోక వినబడితే అదే ఇది. మా మండపంలో కర్ర దెబ్బలు అలుక్కుపోవుటకు కారణం ఆ తోకే. ఈ వ్యాధికి తివాచీ మంచి మందు. తార ధ్వనుల రాకపోకలను అది ఒక కొసన తెంచివేస్తుంది. కప్పు క్రింద దుప్పటి కట్టినా అదే పని జరుగుతుంది. రెండవ కొసను కూడా మూయనక్కరలేదు.

ఇంతవరకు మోసి వాయించే డోలు మాట చెప్పాను. నేలపై నిలిపి వాయించే డ్రమ్ సెట్టు దగ్గరకు వస్తే రెండవ దారి తెరుచుకొంటుంది. సినిమా పాటలలోను, చర్చీలలోను, పెండ్లి బ్యాండు మేళాలలోను ఈ వాద్యం మన ప్రాంతంలో బాగా వ్యాపించింది. ఇది ఒక వాద్యం కాదు, ఒక కుటుంబం. కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్ము ఇనుప ముళ్ళతో నేలను కరచుకొని ఉంటుంది. దాని పక్కన నేలపై మూడుకాళ్ళ డ్రమ్ము. అడుగున తీగలు బిగించిన స్నేర్ డ్రమ్ము. కాడలపై వ్రేలాడే కంచు పళ్ళెములు. ప్రతి ఒక్కటీ నేలపై కాలు మోపినదే.

నున్నని పలకల నేలపై పెద్ద డ్రమ్ము ప్రతి తొక్కుకు ఇంచుక ముందుకు జరుగుతుంది. వాయించేవాడు కాలుతో దాన్ని వెనుకకు ఈడ్చుకొంటూ తాళం తప్పుతాడు. తివాచీ వేయుటకు మొదటి ప్రయోజనం ఈ పట్టు. రెండవది, కంచు పళ్ళెముల చురుకు, స్నేర్ తీగల జల్లు నేలనుండి ఎగిరి ఇతర వాద్యాల మైకులలో పడకుండుట. ఈ రెండూ తార ధ్వనులే గనుక తివాచీ వాటిని చక్కగా ఆపుతుంది. పెద్ద డ్రమ్ము మందర నాదానికి అది అడ్డు కాదని ఇదివరకే చూశాము.

చెక్క వేదికలు మరొక కథ. దూలాలపై పలకలు పరచిన నేల క్రింద బోలు ఉంటుంది. పలక సాగే గుణం కలది, క్రింది గాలి దిండువలె ఒత్తుకొంటుంది. అంటే వేదిక స్వయంగా ఒక పెద్ద డోలు. పట్టికలలో దాని తీరు తివాచీకి సరిగా తలక్రిందులు. 125 కంపనాల దగ్గర నూటికి 15 పాళ్ళు పీల్చుకొని, 4000 దగ్గర 7 పాళ్ళే పీల్చుకొంటుంది. మందర ధ్వనికి తాను కదిలి శక్తిని గ్రహిస్తుంది. గ్రహించినదాన్ని కొంత వేడిగా పోగొట్టుకొని, కొంత తన గొంతుతో కాస్త ఆలస్యంగా తిరిగి పలుకుతుంది. మందపు పలక, దగ్గర దగ్గరగా దూలాలు ఉన్నట్లయితే ఆ పలుకు ఇంపుగా ఉంటుంది. డ్రమ్ము వాయించేవారు చాలమంది చెక్క నేలను కోరుకొనుటకు కారణం ఇదే. ధ్వనికి వెచ్చదనం వచ్చిందని వారంటారు. పెండ్లి పందిళ్ళలో వేసే పలుచని ప్లైవుడ్డు వేదికలయితే పెద్ద డ్రమ్ముకు ముందు తామే బుస్సుమని మోగుతాయి. వేదిక క్రింద ఇసుక బస్తాలు పేర్చి ఆ నోరు మూయించిన వారిని నేనెరుగుదును. అది సరియైన వైద్యమే. బరువు పెరిగితే పలక అంత తేలికగా కదలదు.

ఆ వేదికపైననే మైకును కూడా నిలబెట్టుట మాత్రం తెలిసి చేయరాని పని. కాలి తొక్కు అదురు మైకు కాడను ఎక్కి, ధ్వనిలో 'దుబ్బు దుబ్బు' మని ఒక గొణుగుడు కలుస్తుంది. చిన్న స్పీకరులో అది వినబడదు. కాని యంత్రంలో ధ్వని మట్టాన్ని చూపే గీతను ఆక్రమించి, అసలు ధ్వనికి చోటు లేకుండా చేస్తుంది. కాడను వేదిక దిగువన నేలపై నిలబెట్టవలెను. వీలుకాకపోతే కాడ కాళ్ళ క్రింద దళసరి స్పాంజి ముక్కలు పెట్టవలెను. మంచి స్టూడియోలలో ఈ బాధ మూలానికే మందు వేస్తారు. అసలు నేలపై రబ్బరుగాని, గాజు ఉన్నిగాని పరచి, దానిపై రెండవ నేలను గోడలకు తగలకుండా తేలవేసి కడతారు. ఇల్లు కట్టుకొనేవారు ఎవరూ ఆ ఖర్చుకు పూనుకోరు, పూనుకోనక్కరలేదు కూడా.

మరి గచ్చు ఇంటిలో రికార్డు చేయదలచినవారు ఏమి చేయవలెను? ఖర్చులేని ఉపాయం మైకును దగ్గరకు జరుపుట. పైన చెప్పిన డోలుకే మైకు రెండు మీటర్లకు బదులు అర మీటరు దూరాన ఉన్నదనుకొందాము. తిన్నని దారి అర మీటరు. నేల దారి రెండు మీటర్ల పైన. నేలనుండి వచ్చే ధ్వని ఇపుడు తిన్నగా వచ్చేదానిలో నాలుగవ వంతుకు దిగిపోయింది. ఇపుడు పల్లాల దగ్గర ఒత్తిడి తగ్గేది కూడా ఆ నాలుగవ వంతే. గ్రానైటు గ్రానైటుగానే ఉన్నది. దాని మాట మాత్రం చెల్లలేదు. ఆనాడు మేము చేయవలసినది ఇంతే. ఒక్క అడుగు ముందుకు జరపవలసినది.

రెండవ ఉపాయం వినుటకు వింతగా ఉంటుంది: మైకును నేలపైనే పడుకోబెట్టుట. రెండు దారుల పొడవులో తేడా ఉన్నప్పుడే చాళ్ళు పడతాయి. మైకు నేలకు ఆనుకొని ఉంటే తేడాయే లేదు. రెండు ధ్వనులు ఒక్కసారి వచ్చి ఒకటిగా కలసి బలపడతాయి. సెల్‌ఫోనును పలుచని బట్టపై నేలకు అంటి ఉండేటట్లు పెట్టినా ఈ ఫలితం వస్తుంది. సెంటీమీటరు ఎత్తున ఉంటే మొదటి చాలు సెకనుకు ఎనిమిది వేల కంపనాలకు పైకి పోతుంది. అక్కడ డోలుకు నష్టం లేదు. ఇందుకు గట్టి నేలే కావలె, నున్ననిదే కావలె. మనకు శత్రువైన గ్రానైటు ఇక్కడ చుట్టమైంది! అయితే అదే నేలపై కాళ్ళకు గజ్జెలు కట్టి ఎవరైనా ఆడుతూ ఉంటే ఈ ఉపాయం పనికిరాదు. అడుగుల అదురే వినబడుతుంది, డోలు వినబడదు.

కొమ్ముల నృత్యంలో ఇంకొక చిక్కు కూడా ఉన్నది. వాద్యకారుడు నిలిచి ఉండడు. అతడు జరిగినకొలది రెండు దారుల తేడా మారుతుంది, చాళ్ళు స్థానం మారుతాయి, ధ్వని 'ఉష్' మని ఊగుతుంది. కంప్యూటరులో తరువాత సవరించుకోవచ్చునని యువకులు ధైర్యం చెబుతారు. మొత్తు పెరిగితే తగ్గించవచ్చు, తళుకు తగ్గితే పెంచవచ్చు. అవి నిలకడగా ఉన్న లోపాలు. కాని మైకు దగ్గరే ఒకదానినొకటి తినివేసిన ధ్వనిలో దాచిపెట్టినదేదీ పెద్దగా మిగలదు, పైగా ఆ చోటు క్షణక్షణమూ మారుతున్నది. లేనిదాన్ని ఏ యంత్రం తెచ్చి ఇస్తుంది?

అట్లని నేలను పూర్తిగా చంపివేయుట కూడా నాకు సమ్మతం కాదు. ఒకసారి మిత్రుడొకడు గదినిండా పరుపులు, దుప్పట్లు పరచి డోలు వాయింపజేసి, చాల శుభ్రంగా వచ్చిందని వినిపించాడు. శుభ్రంగానే ఉన్నది. అది ఎక్కడ వాయించినదో మాత్రం తెలియలేదు. ఏ మనిషీ, ఏ ఊరూ లేని చోట వాయించినట్లున్నది. రేల పాటకు స్త్రీలు వరుసగా చేతులు పట్టుకొని అడుగు వేసినప్పుడు, ఆ అడుగు నేలపై పడిన చప్పుడు తాళంలో ఒక భాగం. దాన్ని తీసివేస్తే పాటలో ఒక గొంతును తీసివేసినట్లే. ఒంటరి డోలు పాఠాన్ని నేర్చుకొనుటకోసం రికార్డు చేసేటప్పుడు నేలను తగ్గించవచ్చును. నృత్యాన్ని రికార్డు చేసేటప్పుడు నేలను ఉండనీయవలెను. ఈ విచక్షణ అంకెలు చెప్పవు.

ఎక్కడ మైకు పెట్టవలెనో తేల్చుకొనుటకు నేనిపుడు అనుసరించే పద్ధతి ఒకటున్నది. ఒక చెవి మూసుకొని, వాద్యకారుడు వాయిస్తుండగా అతని చుట్టూ నెమ్మదిగా నడుస్తాను. నిలబడి ఒకసారి, మోకాళ్ళు వంచి ఒకసారి. ఒంటిచెవితో విన్నప్పుడు మనిషికి కూడా మైకు కష్టం కొంత అర్థమవుతుంది. ఎక్కడ డోలు గొంతు నిండుగా ఉన్నదో అక్కడ మైకు. తరువాత ఒక నిమిషం రికార్డు చేసి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని అక్కడికక్కడే వినవలెను. ఇంటికి పోయి వినుట అనే పని ఒక్కసారి చేసి చాలించుకొన్నాను.

మొన్నటి వేసవిలో ఆ వృద్ధుని గూడేనికే పోయాను. ఆయన డోలు ఇపుడు కుమారుని దగ్గర ఉన్నది. తెల్లవారుజామున, ఎండ రాకముందు, చింతచెట్టు క్రింద వాయించమన్నాను. నేల వట్టి మట్టి. అక్కడక్కడ వరిగడ్డి పడి ఉన్నది. మైకు అర మీటరు దూరాన ఒకటి, నాలుగు మీటర్ల దూరాన నేలకు ఆనించి మరొకటి పెట్టాను. మొదటిదానిలో తండ్రి నేర్పిన చేయి ఉన్నది. రెండవదానిలో ఆ చేయితోపాటు కోడికూత, దూరాన ఎవరో బావిలో చేద వేసిన చప్పుడు, పక్కన నిలబడిన పిల్లల అడుగులు ఉన్నవి. వాయించటం మొదలుపెట్టకముందు ఆ కుమారుని చేత తేదీ, గూడెం పేరు, తండ్రి పేరు, ఏ పండుగ దెబ్బ వాయిస్తున్నాడో చెప్పించాను. చివరగా నేనడగకుండానే అతడు తన మాటగా ఒకటి కలిపాడు: "క్రింద మట్టినేల."